ఓడయెక్కిన సిపాయి: పులికాటు తీరమునుండి ఒక పరిశీలనము

సముద్రయుద్ధములను గూర్చి వ్రాసినవారు ఫిరంగులను లెక్కించిరి, ఓడలను లెక్కించిరి, సేనానాయకుల బిరుదములను విస్తరించి చెప్పిరి. ఆ ఓడలలో నెలల తరబడి కాలము గడపిన సామాన్యుడు ఏమి తినెను, ఎచ్చట పరుండెను, ఏ నీరు త్రావెను, అతడు తిరిగివచ్చువరకు అతని యాలుబిడ్డల కెవరు దిక్కయిరి అను ప్రశ్నలకు వారి గ్రంథములందు సమాధానము స్వల్పము. అయినను ఆ యుద్ధములలో పెక్కింటి జయాపజయములు ఈ ప్రశ్నలమీదనే ఆధారపడియుండెను. నేలమీది సేనకు అలసినచోట నీడ, దప్పిగొన్నచోట చెరువు లభింపవచ్చును. ఓడలోని సేనకు బయలుదేరునాడు గట్టుమీదివారు నింపి యిచ్చినదే సర్వస్వము. కావున సముద్రముపై బోవువానికి గాలికంటెను తెరచాపకంటెను గట్టుమీదివాని మాటయే మొదటి యాధారము. ఈ సత్యమునకు తెలుగువారి తీరమంతయు సాక్షి. అందు పులికాటు సరస్సు పరిసరము విశేషించి సాక్షి.

పులికాటు రేవు

పులికాటు సరస్సునకు ఉత్తరపు వైపున తడ, సూళ్లూరుపేట ప్రాంతపు గ్రామములును, దక్షిణపు కొనయందు నేటి తమిళనాడులోని పళవేర్కాడను పులికాటు పట్టణమును గలవు. సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట పొడవైన యిసుకదీవియై అడ్డముగా నిలిచియున్నది. సరస్సున లోతు తక్కువ. దాని ముఖద్వారము ఇసుకచే పూడుచు, తెరచుకొనుచు నుండును. అందుచేత పెద్ద యోడ యేదియు లోనికి రాజాలదు. వెలుపలి సముద్రమున లంగరు దించి నిలువవలసినదే. మనుష్యులును, బియ్యపు బస్తాలును, మంచినీళ్ల పీపాయిలును పడవలమీద అలలను దాటి పోవలసినదే. 19వ శతాబ్ది చివరి పాదమున రాతికట్టల రేవు కట్టబడువరకు మద్రాసుపట్టణపు గతియు నిదియే. మేకులు కొట్టక కొబ్బరినారతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవలు ఆ తీరపు అలల దెబ్బకు వంగి లొంగుచు, పగులక దాటెడివి. ఓడయెక్కుట యనగా ముందు ఆ పడవయెక్కుట. సముద్రము నెన్నడును జూడని మెట్టనేల సిపాయికి మొదటి పరీక్ష అచ్చటనే జరిగెడిది.

ఈ రేవు విజయనగర ప్రభువుల కాలమున ప్రసిద్ధమైనది. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదయందు రాజనీతిని చెప్పుచు, రాజు రేవులను వృద్ధిచేయవలెననియు, తుపానుచేతగాని, వ్యాధిచేతగాని, అలసటచేతగాని తన తీరమున దిగిన పరదేశపు నావికులను వారి వారి కులదేశములకు తగినట్లు ఆదరింపవలెననియు ఉపదేశించెను. గుఱ్ఱములకును, ఏనుగులకును సముద్రముపై నాధారపడిన ప్రభువునకు నావికుని యవసరము తెలియకుండునా?

పిమ్మట చంద్రగిరి, వేలూరులనుండి యేలిన వేంకటపతిరాయల కాలమున ఒలందులు, అనగా డచ్చివారు, పులికాటున వర్తకశాలను నెలకొల్పిరి. 1612వ సంవత్సరమున శాంథోమునుండి బుడతకీచులు వచ్చి దానిని పాడుచేయగా, 1613లో డచ్చివారు అచ్చట గెల్డ్రియా కోటను సిద్ధపఱచుకొనిరి. ఆ కోటయందు తయారైన తుపాకిమందు వారి తూర్పుదీవుల ఓడలకు పోయెడిది. హాలండు దేశమునుండి వచ్చు సైనికుడు ఎన్నో నెలలు ఓడలో గడపి, పండ్లచిగుళ్లు వాచి, కాళ్లీడ్చుచు ఆసియా తీరమున దిగెడివాడు. 17వ శతాబ్దిలో కరవులయందు అమ్ముడువోయిన ఈ తీరపు నిర్భాగ్యులనేకులు బానిసలై ఇదే రేవునుండి బెటావియాకు పంపబడిరి. సైనికునకు జీతమును, ఒడంబడికయు నుండెను. బానిసకు గట్టుమీద మాటయిచ్చువాడే లేకపోయెను. ఒకే రేవున ఓడయెక్కినవారిలో ఇంతటి యంతరము గలదు.

శాస్త్రము, లోకము

తెలుగువారు సముద్రభీరువులని, శాస్త్రనిషేధమువలన ఓడయెక్కకుండిరని ఒక వాడుక మాట గలదు. అది పూర్తిగా సత్యము గాదు. బౌధాయన ధర్మసూత్రమున సముద్రయానము పతనహేతువులలో చెప్పబడిన మాట నిజమే. ఆ గ్రంథమే మఱియొకచోట సముద్రయానమును, ఆయుధజీవనమును ఉత్తరదేశీయుల ప్రత్యేకాచారములలో లెక్కించినది. లోకమున లేని దానిని శాస్త్రము నిషేధింపదు. శాతవాహనుల నాణెములమీద రెండు కొయ్యల యోడ ముద్రింపబడియున్నది. నాణెముమీద నోడను ముద్రించుకొన్న దేశమునకు ఓడ తెలియదనుట పొసగదు.

గట్టుమీది మాట యెట్టిదో తెలుపుటకు మోటుపల్లి శాసనము కన్న మంచి నిదర్శనము లేదు. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున సముద్రవర్తకులకు అభయమిచ్చుచు దానిని వేయించెను. తుపానునకు చిక్కి తీరమున పడిన యోడలలోని సొమ్మునంతయు పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను మాత్రము నిర్ణీతమైన సుంకమునే తీసికొందుననియు ఆ శాసనమున నున్నది. ఏమి తీసికొనబడునో, ఏమి తీసికొనబడదో ముందుగా రాతిమీద వ్రాసియిచ్చుట యందలి విశేషము. అట్టి మాట యున్నచోట మనుష్యుడు సముద్రమునకు వెనుదీయడు. తరువాతి శతాబ్దులయందు కుంపిణీవారు సిపాయిలను ఓడలకెక్కించిన విధమును ఈ కొలతతో కొలిచి చూడవలెను.

1756: తిలంగాలు

ఉత్తరహిందూస్థానమున సిపాయికి చిరకాలము తిలంగా యను పేరుండెను. 1857వ సంవత్సరపు ఢిల్లీ వృత్తాంతములను వ్రాసిన ఉర్దూ రచయితలు సైతము తిరుగబడిన సిపాయిలను ఆ పేరనే చెప్పిరి. వారిలో తెలుగువారు లేకున్నను పేరు మాత్రము నిలిచినది. దాని మూలము ఒక ఓడప్రయాణమున నున్నది.

1756లో బంగాళా నవాబు సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకొనెను. ఆ వార్త ఆగస్టు మాసమున మద్రాసు చేరినది. సేనను పంపుటయా, మానుటయా, ఎవరు నాయకత్వము వహింపవలెను, వారికెంత యధికారము అను చర్చలతో మద్రాసు కౌన్సిలువారు రెండు నెలలు గడపిరి. ఆ రెండు నెలలలో నైరుతి గాలి వెళ్లిపోయినది. అడ్మిరల్ వాట్సన్ ఓడలు, క్లైవు సేన అక్టోబరు 16వ తేదీన మద్రాసు విడిచినవి. ఓడలలో సుమారు 900 మంది ఐరోపావారును, 1,500 మంది సిపాయిలును ఉండిరి. ఆ సిపాయిలందరు తెలుగువారని చెప్పరాదు. వారిలో తమిళులును, మహమ్మదీయులును గలరు. కాని బంగాళావారు దక్షిణమునుండి వచ్చిన వారినందరిని తెలుగునేల పేరనే గుర్తించిరి.

అనుకూలమైన గాలి యున్నయెడల కొలదిదినములలో ముగియవలసిన ప్రయాణము. కాని అక్టోబరులో ఈశాన్యపు గాలి యెదురైనది. ఉత్తరమునకు బోవలసిన ఓడలు దక్షిణమునకు నెట్టబడినవి. కొన్ని యోడలు చెదరిపోయినవి. కంబర్లాండు అను పెద్దయోడ ఒరిస్సా తీరపు ఇసుకమేటలకు తగిలి వెనుదిరిగి విశాఖపట్టణము చేరినది. వాట్సన్ యెక్కిన కెంటు అను ఓడ డిసెంబరు 5వ తేదీకి బాలేశ్వరపు తీరమును, 15వ తేదీకి గంగానదిలోని ఫల్తాను చేరగలిగినది. రెండునెలల ప్రయాణమైనది. గట్టుమీదివారు రెండు నెలలు మాటలలో గడపగా, ఆ జాగునకు తగిన వెలను ఓడలోనివారు ఆకలితో చెల్లించిరి.

కెంటు ఓడలో వైద్యుడుగా నుండిన ఎడ్వర్డు ఐవ్సు తన ప్రయాణములను గూర్చి వ్రాసిన గ్రంథము 1773లో అచ్చుపడినది. అట్టి రచనల వలననే ఆనాటి యోడబ్రదుకు కొంత తెలియుచున్నది. ఆ ప్రయాణమున భోజనపదార్థములు తరిగిపోవుటచే అందరి బత్తెమును తగ్గించిరి. ఐరోపా నావికునకు ఉప్పులో నూరిన గోమాంసము, పందిమాంసము, ఎండు బిస్కత్తు నిత్యాహారము. బియ్యము తక్కువైనప్పుడు అతనికి కడుపు సగము నిండును. కాని హిందువుడైన సిపాయికి ఆ మొదటిది ముట్టరానిది. మహమ్మదీయుడైన సిపాయికి రెండవది ముట్టరానిది. ఇద్దరికిని బియ్యమే దిక్కు. ఆ బియ్యము అడుగంటినప్పుడు వారు పడిన బాధకు వేఱు సాక్ష్యము అక్కఱలేదు.

అయినను వారు 1757 జనవరి 2వ తేదీన కలకత్తాను మరల పట్టుకొన్న సేనలో నుండిరి. ఆ సంవత్సరము జూన్ 23వ తేదీన పలాసీయందు నిలిచిరి. ఒక సామ్రాజ్యమునకు పునాది పడిన ఆ సంవత్సరపు చరిత్రలో వారి పేర్లు లేవు. తిలంగా యను జాతిపేరొక్కటియే మిగిలినది.

ఓడలోని దినచర్య

యుద్ధనౌకలో మనుష్యుని కాలము నాలుగేసి గంటల కావళ్లుగా విభజింపబడియుండును. అరగంట కొకమారు గంట మ్రోగును. తెల్లవారకముందే డెక్కును ఇసుకతోను, రాతితోను రుద్ది కడుగుదురు. ఓడనడుపు పనివారిలో లస్కరులు పలువురు ఈ దేశపువారు. వారి పెద్దను సరంగు అనియు, అతని క్రిందివానిని తండేలు అనియు పిలిచెడివారు. తండేలు అను మాట నేటికిని తెలుగు తీరపు పల్లెకారులలో వాడుకయందున్నది.

సిపాయికి తెరచాపల పని లేదు, అతడు మోయబడుచున్నవాడు. అదియే అతని కష్టము. పైడెక్కున నిలిచిన నావికులకడ్డము. క్రింద నున్న గాలిలేదు. ఫిరంగుల నడుమనో, సరకుల నడుమనో చాపపఱచుకొనునంత చోటు అతనికి దొరకును. అలలు లేచినప్పుడు గవాక్షములను మూయుదురు. అప్పుడు చెమట, వాంతి, తారు, మురిగిన అడుగునీరు అన్నియు గలసిన వాసనలో రేయింబవళ్లు గడపవలెను.

వంట మఱియొక చిక్కు. కొయ్యయోడకు సముద్రముకంటె నిప్పు పెద్ద శత్రువు. క్రింది యఱలలో మందుగుండు ఉండును. ఆ కొట్టులోనికి పోవువారు నిప్పురవ్వ పుట్టకుండ మెత్తని పాదరక్షలు ధరించెడివారు. అందుచేత ఓడయంతటికిని ఒకటే పొయ్యి. గాలివాన యున్నప్పుడు దానినిగూడ ఆర్పివేయుదురు. ఎవరి వంట వారు, ఎవరి మడి వారు పాటించుకొను సిపాయిలకు ఒక పొయ్యి యెట్లు చాలును? అటువంటి దినములలో వండనక్కఱలేని అటుకులు, పేలాలు, వేయించిన సెనగలు, బెల్లము ఇవియే గతి. మనయింట ప్రయాణమునకు మూటగట్టునట్టి పదార్థములే ఓడలోను సిపాయి ప్రాణమును నిలిపినవి.

నీటి లెక్కను చదువరులు తామే కట్టి చూడవచ్చును. త్రాగుటకును వంటకును కలిపి మనిషికి దినమునకు ఒక గాలను చొప్పున, 500 మందికి 60 దినములకు 30,000 గాలనుల నీరు కావలెను. ఆ నీరంతయు కొయ్యపీపాయిలలో ఓడ యడుగున నుండవలెను. కొన్ని వారములకే అది రంగుమారి, వాసనవేసి, పురుగుపట్టెడిది. ఒక పీపాయి పగిలినను, ప్రయాణము పదిదినములు పెరిగినను లెక్క తప్పును. లెక్క తప్పినపుడు తగ్గింపబడునది మనిషి వంతే. ఆ నీటిని ఎవరు నింపిరి, ఎవరు ముట్టిరి అను సందేహమొకటి ఆచారవంతుడైన సిపాయి మనస్సును బాధించుచుండును. సిపాయిల పీపాయిలను వేఱుపఱచి, వారు నమ్మినవారిచేత నింపించిన నాయకుడు వివేకి. అది వ్యర్థమని నవ్వినవాడు తరువాత చిక్కులపాలయ్యెను.

పచ్చి కూరలును, పండ్లును లేని నెలలు గడచినచో స్కర్వీ యను వ్యాధి పుట్టును. చిగుళ్లు వాచి నెత్తురు కారును, పండ్లు కదలును, ఎన్నడో మానిన పాతగాయములు మరల విచ్చును, కాళ్లు నల్లబడి మనిషి కూర్చున్నచోటనే కూలబడును. జేమ్సు లిండు అను వైద్యుడు 1747లోనే నారింజలు, నిమ్మపండ్లు దీనికి మందని పరీక్షించి చూపెను. కాని బ్రిటిషు నౌకాదళము నిమ్మరసమును అందరికి నిచ్చు నేర్పాటు 1795లో గాని చేయలేదు. మందు తెలిసియు నలుబది యేండ్లకు పైగా మనుష్యులు చచ్చిరి. మన పెరటి నిమ్మచెట్టు విలువ ఎంతటిదో దీనివలన గ్రహింపవచ్చును.

1780: విశాఖపట్టణమున నిరాకరణము

1780 సెప్టెంబరు 10వ తేదీన పొల్లిలూరు యుద్ధమున హైదరాలీ సేన కర్నల్ బెయిలీ దళమును నాశనముచేసెను. మద్రాసుకు సేనలు కావలసివచ్చినవి. ఉత్తరసర్కారులయందే కొలువుచేయుచుండిన సిపాయిలను విశాఖపట్టణమున ఓడకెక్కించి మద్రాసుకు తేవలెనని ఆజ్ఞ పోయినది. అక్టోబరు 3వ తేదీన వారు ఓడయెక్క నిరాకరించి తిరుగబడిరి. కొందరు ఆంగ్లేయులు హతులైరి. ఆ తిరుగుబాటు కొలదికాలమున అణగిపోయినది. 1857కు 77 యేండ్ల ముందు తెలుగుతీరమున జరిగిన ఈ సంఘటనము పాఠ్యపుస్తకములలో అరుదుగా గనబడును.

వీరు పిఱికివారని అప్పటి యధికారులు తేల్చివేసినను, న్యాయముగా విచారించువాడు అట్లనజాలడు. ఇదే జిల్లాలనుండి వచ్చినవారు నేలమీద ఎన్నో యుద్ధములలో నిలిచిరి. 1762లో మద్రాసునుండి ఫిలిప్పైను దీవులలోని మనీలాకు పోయిన దండులో సిపాయిలుండిరి. 1764లో ఆ నగరము మరల స్పెయినువారి వశమైన పిమ్మట, వారిలో కొందరు స్వదేశమునకు రాక కైంటా యను ఊర పెండ్లిండ్లు చేసికొని స్థిరపడిరి; వారి సంతతి అచ్చటనే కలిసిపోయినది. కావున సముద్రము తెలుగు సిపాయికి దాటరానిది గాదు. ఎచ్చటికి, ఎంతకాలమునకు, ఏ బత్తెముతో, ఇంటివారికేమి యాధారముతో పోవలెనో తెలియక, హఠాత్తుగా రేవున నిలబెట్టి పడవయెక్కుమనుట వారికి దుస్సహమయ్యెను. గణపతిదేవుడు వర్తకునకు రాతిమీద వ్రాసియిచ్చిన మాటవంటిది ఆ సిపాయికి కాగితముమీదనైన దొరకలేదు.

1782, 1783: నీళ్ల పీపాయిల యుద్ధము

హైదరుతో యుద్ధము జరుగుచుండగా సముద్రముమీద పరాసుల నౌకాధిపతి సుఫ్రేనును, ఆంగ్ల నౌకాధిపతి హ్యూసును తలపడిరి. ఒలందులు పరాసుల పక్షమున నుండుటచే పులికాటును ఆంగ్లేయులు 1781లోనే పట్టుకొనిరి. 1782 ఫిబ్రవరి 17వ తేదీన మద్రాసునకు దక్షిణముననున్న సదరాసు ఎదుట మొదటి పోరు జరిగెను. ఆ సంవత్సరముననే ఏప్రిలు, జూలై, సెప్టెంబరు నెలలలో సింహళము, నాగపట్టణము, తిరుకోణమల ప్రాంతములందు మఱి మూడు పోరులు జరిగెను. ఇన్ని యుద్ధములలోను ఒకరి పెద్దయోడను మఱియొకరు పట్టుకొనలేకపోయిరి. అక్టోబరు వచ్చుసరికి ఈ తీరమున ఓడకు రక్షణ లేదు గనుక హ్యూసు బొంబాయికిని, సుఫ్రేను సుమత్రాలోని అచేనికిని తరలిపోయిరి. అక్టోబరు మధ్యను మద్రాసు రేవున పెనుగాలి లేచి బియ్యపు ఓడలెన్నియో పగిలిపోగా పట్టణమున కరవు ముంచుకొనివచ్చెను. ఓడలోనివాని యాకలి గట్టుమీదివానికిని పాకినది. ఆ డిసెంబరులోనే హైదరాలీ చిత్తూరు దాపున నరసింగరాయనిపేటవద్ద తన దండులో మరణించెను.

1783 జూన్ 20వ తేదీన కడలూరు ఎదుట అయిదవ యుద్ధము జరిగినది. సుఫ్రేనునకు 15 ఓడలు, హ్యూసునకు 18 ఓడలు. సుఫ్రేను ఓడలలో నావికులు రోగములచేతను, మరణములచేతను తగ్గిపోయిరి. అతడు గట్టుమీదనున్న పరాసుసేననుండి 1,200 మందిని, వారిలో సగము మంది సిపాయిలను, ఓడలకెక్కించుకొని ఫిరంగులకడ నిలిపెను. ఎన్నడును ఓడమీద పోరాడని మన సిపాయిలు ఊగుచున్న డెక్కుమీద, నెత్తురుకు కాలుజారకుండ చల్లిన ఇసుకపై నిలిచి, ఫిరంగుల త్రాళ్లను లాగిరి. ఇక హ్యూసు ఓడలలో స్కర్వీ పీడితులు వందలకొలది, మంచినీరు తరిగిపోయినది. అందుచే ఓడలు ఎక్కువయుండియు అతడు కడలూరును విడిచి మద్రాసుకు మరలెను. జయము ఫిరంగులకంటె నీళ్ల పీపాయిల వశమై యుండెననుటకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణ మఱి దొరకదు.

1824: బర్మాకు పోయినవారు

నలుబది యేండ్ల పిమ్మట కథ మాఱినది. 1824లో కుంపిణీవారు బర్మాపై దండెత్తిరి. ఓడలు అండమానులలోని పోర్టు కారన్‌వాలిసువద్ద కలిసికొని, మే నెల 11వ తేదీన రంగూనును పట్టుకొన్నవి. ఆ సేనలో మద్రాసు సిపాయిదళములు ప్రధానభాగము. అప్పుడు మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో. రాయలసీమవారు కలెక్టరుగా నెఱిగిన మన్రోయే. సేనలను, పశువులను, భోజనసామగ్రిని మద్రాసునుండి ఎడతెగక పంపుటలో అతడు చూపిన శ్రద్ధ ఆ యుద్ధమునకు వెన్నెముక యయ్యెను. విదేశపు కొలువునకు పోవు సిపాయి జీతములో కొంతభాగమును ఇంటికడ ఆలుబిడ్డలకు ముట్టజెప్పు నేర్పాటు మద్రాసు సైన్యమున వాడుకకు వచ్చినది. 1780లో లేని మాట ఇక్కడ కొంతవఱకు లభించినది. వారు ఓడలెక్కిరి.

అట్లని వారి కష్టము తక్కువకాదు. రంగూనువారు ఊరు విడిచి పోవుటచే అచ్చట బియ్యము గాని పశువు గాని దొరకలేదు. వానకాలము వచ్చినది. జ్వరములు, రక్తగ్రహణి, స్కర్వీ సేనను తినివేసినవి. కత్తిచేత చచ్చినవారికంటె రోగముచేత చచ్చినవారే అనేక రెట్లు. 1826 ఫిబ్రవరి 24వ తేదీన యందాబో సంధి జరుగువరకు ఓడలు మద్రాసునకును రంగూనునకును నడుమ తిరుగుచునే యుండెను.

ఈ యుద్ధకాలముననే 1824 నవంబరులో కలకత్తావద్ద బారకుపురమున బంగాళా సిపాయిలు కదల నిరాకరించిరి. తమ వంటపాత్రలను, సామానులను మోయుటకు ఎద్దులను ఏర్పాటుచేయవలెననునది వారి కోరికలలో ముఖ్యమైనది. ఓడయెక్కింతురేమో యను భయము దానికి తోడయ్యెను. వారిపై ఫిరంగులు ప్రేల్పబడెను, పెక్కుమంది చచ్చిరి. ఒకే ప్రభుత్వము, ఒకే యుద్ధము, ఒకే సంవత్సరము. ఒకచోట సిపాయి సముద్రము దాటినాడు. మఱియొకచోట గట్టుమీదనే చంపబడినాడు. తేడా శాస్త్రములో లేదు, ధైర్యములో లేదు. వానితో వ్యవహరించిన విధములోనే యున్నది.

తరువాతి మాట

ఆవిరియోడలు వచ్చినవి, ఇనుపయోడలు వచ్చినవి. ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రములును, మంచుపెట్టెలును వచ్చినవి. అయినను మూలప్రశ్న తీరలేదు. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని తల్వారు అను నౌకాశిక్షణస్థావరమున భారతీయ నావికులు భోజనమును నిరాకరించిరి. పాడు తిండియు, అంతకంటె పాడు మాటలును వారి మొఱ. అది ఓడనుండి ఓడకు వ్యాపించి విశాఖపట్టణమునుగూడ ముట్టినది. స్వరాజ్యమునకు ముందటి ఆ మహాసంఘటనము అన్నపు పళ్లెమువద్ద ప్రారంభమైనదని తెలిసినపుడు, 1756లో బియ్యపు గింజలు లెక్కపెట్టుకొన్న తిలంగాల స్మరణ కలుగకపోదు.

ఇప్పుడు విశాఖపట్టణము భారత నౌకాదళమునకు తూర్పుతీరపు ప్రధానస్థానము. తెలుగుబిడ్డలు పరులకొలువున గాక స్వదేశపు జెండాక్రింద ఓడలెక్కుచున్నారు. పులికాటు ఎదుట పూర్వము ఓడలు అనుకూలమైన గాలికి వేచియుండిన చోటికి దాపుననే, శ్రీహరికోటనుండి 1971 మొదలు రాకెట్లు ఆకాశమున కెగయుచున్నవి. అయినను ఓడలోని నావికుడు ఇప్పటికిని నెలల తరబడి ఇల్లువిడిచి యుండును. అతని నెమ్మది గట్టుమీదివారు నిలుపుకొను మాటమీదనే యున్నది.

చరిత్రమున పేరులేక పోయిన ఆ సిపాయిల జాడ మన గ్రామములయందే దొరకవచ్చును. పాత పెట్టెలలో పింఛను పత్రములు, జీతపు చీటీలు, రంగూనునుండి వచ్చిన జాబులు, ఎవరో తాతయొక్క బిళ్ల మొదలగునవి చెదలకు ఆహారమగుచున్నవి. కవిలెకట్టలో ఒక పేరు, ఒక తేదీ, ఒక మొత్తము ఉన్నను చాలును. దానిని పట్టుకొని ఒక బ్రదుకును తెలిసికొనవచ్చును. ఇరువదియైదేండ్లు పుస్తకములను భద్రపఱచిన గ్రంథాలయమునకు అట్టి కాగితములకొక బీరువా కేటాయించుట భారము గాదు. ఆ కాగితములు చేరినపుడు తిలంగా యను ఒక్క పేరుక్రింద అణగియున్నవారు ఎవరి యింటివారో, ఏ యూరివారో తెలియగలదు.